చిన్న ఇంట్లో పెద్ద ఫొటో: ట్రే నుంచి గొట్టం దాకా

నలుపు తెలుపు ఫొటో ప్రింటు తయారీలో రెండు దశలుంటాయి. మొదటిది వెలుతురు పని. నెగెటివ్‌లోని బొమ్మను ఎన్‌లార్జర్ పెద్దది చేసి కాగితం మీద పడేలా చేస్తుంది. రెండోది నీళ్ల పని. ఆ కాగితాన్ని బొమ్మను తేల్చే డెవలపర్‌లోనూ, దాని పనిని ఆపే స్టాప్ బాత్‌లోనూ, బొమ్మను స్థిరపరిచే హైపోలోనూ వరసగా ముంచి, చివర నీళ్లలో బాగా కడగాలి. మొదటి పనికి దారి 19వ శతాబ్దంలోనే దొరికింది. రెండో పని మాత్రం ఇంట్లో ఫొటోలు కడుక్కునేవారిని చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఎన్‌లార్జర్ నిలువుగా పెరుగుతుంది కాబట్టి బల్ల మీద ఓ మూల సరిపోతుంది. ట్రే అలా కాదు, కాగితం ఎంత వెడల్పుంటే అదీ అంత వెడల్పు ఉండాల్సిందే.

ఈ ఇబ్బందిని, దాన్ని దాటిన దారిని చూడటానికి కలకత్తా మంచి ఉదాహరణ. అక్కడికి ఫొటోగ్రఫీ తొందరగానే వచ్చింది. 1839లో పారిస్‌లో డాగెర్రోటైప్ విధానాన్ని ప్రకటిస్తే, మరుసటి ఏడే కలకత్తాలో ఆ కెమెరాలు అమ్మకానికి వచ్చాయి. 1856లో బెంగాల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. 1863లో ఇండియాకు వచ్చిన ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్, చార్లెస్ షెపర్డ్‌తో కలిసి నడిపిన స్టూడియో ఈ నగరంలో ఒకటిన్నర శతాబ్దం నిలిచింది. ఆ రోజుల్లో ఎంత పెద్ద ఫొటో కావాలంటే అంత పెద్ద గాజు పలకను కెమెరాలో పెట్టాలి. బోర్న్ 10×12 అంగుళాల పలకలను కూలీల చేత మోయించుకుని హిమాలయాలెక్కాడు. ఆ పలకను ఆల్బుమిన్ కాగితానికి ఆనించి ఎండలో ఉంచితే బొమ్మ తేలేది. నెగెటివ్ కొలతే ప్రింటు కొలత.

నెగెటివ్‌ను పెద్దది చేసే తొలి పరికరాల్లో పేరుపడ్డది సోలార్ కెమెరా. అమెరికాలోని బాల్టిమోర్ వాసి డేవిడ్ వుడ్‌వర్డ్ 1857లో దానికి పేటెంటు పొందాడు. అద్దంతో ఎండను పట్టి, కటకంతో కూర్చి, నెగెటివ్ గుండా కాగితం మీదికి పంపేవారు. సూర్యుడు జరిగేకొద్దీ అద్దాన్నీ జరుపుతుండాలి. ఒక్క ప్రింటుకు గంటలు పట్టేది. జెలటిన్‌లో సిల్వర్ బ్రోమైడ్ కలిపి పూసిన కాగితాలు 1880లలో బజారుకు రావడంతో ఎండ అవసరం తీరిపోయింది. దీపం వెలుతురులో కొద్ది సెకన్లు ఉంచితే చాలు, కంటికి కనబడని బొమ్మ కాగితంలో ఏర్పడుతుంది. డెవలపర్ దాన్ని బయటికి తెస్తుంది. ప్రింటు వేయడానికి చీకటి గదీ, ట్రేల వరసా తప్పనిసరి అయింది అప్పుడే.

1925లో అమ్మకానికి వచ్చిన లైకా కెమెరా ఎన్‌లార్జర్‌ను ఇంటి వస్తువుగా మార్చింది. దాని నెగెటివ్ 24×36 మిల్లీమీటర్లు. దాన్నుంచి 16×20 అంగుళాల ప్రింటు తీస్తే వైశాల్యం దాదాపు 240 రెట్లు పెరుగుతుంది. కలకత్తాలో అప్పటికే ఇంట్లో ఫొటోలు తయారుచేసేవాళ్లున్నారు. అన్నపూర్ణా దత్తా అనే ఫొటోగ్రాఫర్ స్టూడియో లేకుండానే, ఇళ్లకు వెళ్లి పరదా చాటు స్త్రీల ఫొటోలు తీసి, తానే కడిగి ప్రింట్లు వేసి సంపాదించింది. స్వాతంత్ర్యం తరువాత ఔత్సాహికుల సంఘాలు పెరిగాయి. 1957లో ఏర్పడ్డ దమ్‌దమ్ ఫొటోగ్రాఫిక్ అసోసియేషన్ వాటిలో ఒకటి. ఫొటోగ్రాఫర్ బేణు సేన్ అక్కడ ఎందరినో తీర్చిదిద్దాడు. సెలూన్ అనే ఫొటో ప్రదర్శన పోటీలకు 12×15, 16×20 అంగుళాల ప్రింట్లు పంపాలి. 1967 నుంచి ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఇందు పేరుతో సరుకు తయారుచేయడం మొదలుపెట్టింది. కాగితం దొరికింది, ఎన్‌లార్జర్ ఉంది. లేనిదల్లా చోటు.

లెక్క చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. 8×10 అంగుళాల కాగితం వైశాల్యం 80 చదరపు అంగుళాలు. 16×20 అంటే 320, 20×24 అంటే 480. 20×24 ట్రేలో రెండున్నర సెంటీమీటర్ల లోతుకు ద్రవం పోస్తే ఏడున్నర లీటర్లు కావాలి. మూడు ట్రేలకు 22 లీటర్లు దాటుతుంది. 16×20 ట్రేలైనా, నీళ్ల ట్రేతో కలిపి నాలుగింటిని పక్కపక్కన పెట్టడానికి రెండు మీటర్ల బల్ల ఉండాలి. స్నానాల గదినో వంటింటినో రాత్రిపూట డార్క్‌రూమ్‌గా వాడుకునేవారికి అంత బల్ల ఎక్కడిది?

వెలుతురు వైపు చిక్కులూ లేకపోలేదు. ఎన్‌లార్జర్ తలను పైకెత్తేకొద్దీ కాగితం మీద వెలుతురు పలచబడుతుంది. 8×10కి 10 సెకన్లు పట్టిన నెగెటివ్‌కు 16×20 వేయాలంటే, అదే కటకం రంధ్రంతో 36 సెకన్ల దాకా ఇవ్వాలి. స్తంభం ఎత్తు చాలకపోతే తలను వెనక్కి తిప్పి బొమ్మను నేల మీద పడేలా చేస్తారు. 1970లలో కలకత్తా లోడ్‌షెడ్డింగ్‌కు పెట్టింది పేరు. కరెంటు ఉన్నప్పుడూ వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుతురు 15 శాతం దాకా పడిపోతుంది. అందుకే ఎన్‌లార్జర్‌కు స్టెబిలైజర్ తగిలించడం మంచి అలవాటు.

నీళ్ల పనికి కుదిరే ఉపాయాలు నాలుగు. మొదటిది, ట్రేలను మెట్లలా ఒకదానిపై ఒకటి అరల్లో పెట్టడం. చోటు కలిసొస్తుంది గానీ ద్రవం తగ్గదు. రెండోది ఒకే ట్రే వాడి, ద్రవాలను జగ్గులతో పోస్తూ తీస్తూ ఉండటం. మూడోది పొడవాటి తొట్టి. కాగితాన్ని రెండు చివర్లా పట్టుకుని, మధ్యభాగం ద్రవంలో మునిగేలా ఇటూ అటూ లాగుతారు. గోడంత ఫొటోలకు ఇదే దారి. నాలుగోది గొట్టం.

నాలుగు పద్ధతుల్లోనూ సూత్రం ఒకటే. డెవలపర్ కాగితం మీద లోతుగా నిలవనక్కరలేదు. ప్రతి చోటికీ ఒకే సమయంలో చేరి, కదులుతూ, వాడిపోయినది తొలగి కొత్తది తగులుతూ ఉంటే చాలు. గొట్టం ఈ సూత్రాన్ని పూర్తిగా వాడుకుంటుంది. 1960, 70లలో రంగుల ప్రింట్లను ఇంట్లో వేసుకునేవారి కోసం ఇలాంటి డ్రమ్ములు వాడుకలోకి వచ్చాయి. రంగుల కాగితానికి డార్క్‌రూమ్‌లో వాడే మసక దీపం, సేఫ్‌లైట్ కూడా పనికిరాదు కాబట్టి, మూత బిగించాక వెలుతురులో పని చేసుకోగలగడమే వాటి ఆకర్షణ. జర్మనీలోని జోబో కంపెనీ వీటికి పేరుపడింది. నలుపు తెలుపు ప్రింట్లు వేసేవారూ త్వరలోనే ఆ దారి పట్టారు.

నీళ్ల పైపుతోనూ ఇలాంటి డ్రమ్ము చేసుకోవచ్చు. 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 55 సెంటీమీటర్ల ముక్క తీసుకుంటారు. దాని లోపలి చుట్టుకొలత 47 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. 16×20 కాగితపు 16 అంగుళాల వైపు, అంటే 41 సెంటీమీటర్లు, అందులో గుండ్రంగా ఒదిగి, అంచుల మధ్య కొంత ఖాళీ మిగులుతుంది. ఎమల్షన్, అంటే మందు పూసిన వైపు, లోపలికి చూడాలి, అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు. ఒక చివర మూసేసి, రెండో చివర మూతకు వెలుతురు చొరబడని వంపు గల గరాటు అమరుస్తారు. నిలబెట్టి పోసినప్పుడు ద్రవం మూతలోని గిన్నెలో ఆగాలి, పడుకోబెట్టగానే కాగితం పొడవునా ఒక్కసారి పరుచుకోవాలి. ఆ క్షణం నుంచే గడియారం చూస్తారు.

16×20కి 350, 400 మిల్లీలీటర్లు చాలు. గొట్టాన్ని చదునైన బల్ల మీద ఆగకుండా ముందుకూ వెనక్కూ దొర్లించాలి. బల్ల ఒక వైపు వాలితే ద్రవం అటే చేరి, రెండో వైపు బొమ్మ పలచబడుతుంది. డెవలపర్‌ను ఒకసారి వాడి పారబోస్తారు, తరువాత స్టాప్ బాత్, ఆపై హైపో. బొమ్మ తేలడం కంటికి కనబడదు కాబట్టి, ముందుగా పరీక్ష ముక్కలను అదే గొట్టంలో, అదే కాలంతో కడిగి చూసుకోవాలి. ప్రింటుకూ ప్రింటుకూ మధ్య గొట్టాన్ని కడిగి ఆరబెట్టాలి. గొట్టం లోపలి గోడ తడిగా ఉంటే కాగితం మధ్యలోనే అతుక్కుపోతుంది, హైపో చుక్క మిగిలితే మరకలు పడతాయి.

కలకత్తా ఎండలకు గొట్టం మరింత కలిసొస్తుంది. డెవలపర్‌కు 20 డిగ్రీలు ప్రామాణికం, మే నెలలో కుళాయి నీళ్లే 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. వేడికి రెండు నిమిషాల పని నిమిషం లోపే అయిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో ద్రవం ఒక పక్కకు రెండు సెకన్లు ఆలస్యంగా చేరినా తేడా తెలుస్తుంది. 22 లీటర్లను చల్లబరచడం కష్టం, 400 మిల్లీలీటర్లకు మంచు గిన్నె చాలు. మంచు లేకపోతే డెవలపర్‌ను ఇంకాస్త పలచన చేసి కాలం పెంచుతారు. కాగితం గొట్టంలోకి చేరాక కరెంటు పోయినా నష్టం లేదు, వరండాలోకి తెచ్చి దొర్లించుకోవచ్చు.

కడగడం మాత్రం గొట్టంలో పూర్తికాదు. బ్రోమైడ్ కాగితం హైపోను నారల్లోకి పీల్చుకుంటుంది, గోడకు ఆనిన వెనక వైపు నుంచి అది సరిగా పోదు. దాన్ని ట్రేలోకి తీసి గంటసేపు పారే నీళ్లలో ఉంచాలి. ముందు 2 శాతం సోడియం సల్ఫైట్ ద్రావణంలో పది నిమిషాలు ఉంచితే అరగంటలో ముగుస్తుంది. 1970లలో వచ్చిన ప్లాస్టిక్ పొర కాగితాలకు నాలుగైదు నిమిషాలు సరిపోతుంది. కలకత్తా పాత ఇళ్లలో పల్తా నీటి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే వడగట్టిన నీరు ఒక కుళాయిలో, వడగట్టని గంగ నీరు ఇంకో కుళాయిలో వచ్చేవి. గంగ నీటి ఒండ్రు మెత్తబడ్డ జెలటిన్‌ను గీస్తుంది కాబట్టి, ప్రింట్లకు వడగట్టిన నీరే వాడాలి. అది వచ్చే వేళ చూసుకుని పని మొదలుపెట్టాలి. వానాకాలంలో ప్రింట్లు ఆరడం ఆలస్యమవుతుంది. నైలాన్ వల మీద పరిచి, పైకీ కిందికీ గాలాడేలా ఉంచితే అంటుకోకుండా ఆరతాయి. వాడిన హైపోలో వెండి ఉంటుంది, దాన్ని మోరీలో పారబోయకూడదు. స్టూడియోల దగ్గర దాన్ని కొనుక్కుపోయేవాళ్లుండేవారు.

డిజిటల్ వచ్చాక ఈ పరిశ్రమ చాలావరకు మూతపడింది. 1991 అగ్నిప్రమాదంలో పాత నెగెటివ్‌లు పోగొట్టుకున్న బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో 2016లో తలుపులు మూసింది. ఊటీ కర్మాగారమూ ఆగిపోయింది. కాగితం, రసాయనాలు ఇప్పుడు ఎక్కువగా విదేశాల నుంచి వస్తున్నాయి, ధర పెరిగింది. అందుకే వృథా తగ్గించే పద్ధతికి విలువ పెరిగింది. ఇంట్లో పెద్ద ప్రింట్లు వేయదలచినవారు 12×15 దాకా ట్రేలతోనే సరిపెట్టుకోవచ్చు. 16×20కి 160 మిల్లీమీటర్ల గొట్టం, 20×24కి 200 మిల్లీమీటర్ల గొట్టం చాలు. అంతకు మించితే తొట్టే గతి.