వాడిన వేగపుకారును పరీక్షించుట



సంతలో కోడెను చూడగానే దాని పండ్లు, గిట్టలు, సుడులు, నడక పరీక్షించి, అమ్మువాని పొగడ్తలను చెవిని బెట్టక ధర చెప్పగలవారు మీలో ననేకులున్నారు. నాకా నేర్పు లేదు. నేటి నా ప్రసంగము కారులను గూర్చినది. అందునను ఒకరు వాడి విడిచిన, అతివేగముగా బోవు కారులను గూర్చినది. పల్లెలోని మనకిది యెందుకని మీరు తలపవలదు. పట్టణమున జదువుకొను మనుమడు "తాతయ్యా, నాకిట్టి బండి కావలెను" అని యడుగు దినములు వచ్చినవి. అప్పుడు మనము చెప్పు మాట ఇంటి ధనమునకే గాక వాని ప్రాణమునకును సంబంధించినది.

నాకిది యనుభవమునకు వచ్చిన విధమును మనవి చేసెదను. మా అమ్మాయి కుమారుడు హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు పరిశోధన చేయుచు, దగ్గఱనే యున్న తార్నాకలో గది యద్దెకు దీసికొని యున్నాడు. వానికి తండ్రి లేడు. తండ్రి విడిచిన పొలములో కొంత అమ్మగా వచ్చిన సొమ్మునుండి తల్లి వానికై అయిదు లక్షల రూపాయలు వేఱుగా నుంచినది. ఆ సొమ్ముతో వాడు వేగపుకారు కొనదలచెను. "ఆ ధరకు సామాన్యపు కారు సుఖముగా వచ్చునుగదా, నాయనా!" యంటిని. "దానిలో ఆ పరుగు లేదు, తాతయ్యా" యనెను. వలదని యొక్కమాటతో త్రోసివేయుట సులభమే. కాని యట్లు చేసినచో వాడు మాకు దెలియకుండ అప్పు చేసి యేదో యొక బండిని గొనునేమోయని తల్లి భయపడెను. అందుచేత నేనే వానివెంట బోయి చూచుటకు నిశ్చయించితిని.

వేగపుకారులనగా కోట్లు వెచ్చించి తెప్పించుకొను విదేశపు బండ్లే కావు. మన దేశముననే తయారై, పైకి సామాన్యపు చిన్నకారువలె నుండి, లోపల బలమైన ఇంజను గల బండ్లు కొన్ని కలవు. వానిలో మూడు మా యెదుట నిలిచినవి. మొదటిది 2013లో వచ్చిన వోక్సువాగను పోలో జీ.టీ. టీ.ఎస్.ఐ.; దాని బలము 105 గుఱ్ఱములు; గేర్లు ఏడు, అవి తమంత తామే మాఱును. రెండవది 2015లో వచ్చిన అబార్త్ పుంటో. బలము 145 గుఱ్ఱములు. మూడవది 2017లో వచ్చిన మారుతి బెలీనో ఆర్.ఎస్.; బలము 102 గుఱ్ఱములు. ఈ మూడింటి తయారీయు నిలిచిపోయినది గనుక ఇప్పుడు వాడినవే గాని క్రొత్తవి దొరకవు.

ఇచ్చట గుఱ్ఱమనగా శక్తికి ఒక కొలత. 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తునకు లేవనెత్తగల శక్తి ఒక గుఱ్ఱము. కాని యీ సంఖ్యను మాత్రమే చూచి బండిని నిర్ణయింపరాదు. బెలీనో బరువు సుమారు 950 కిలోలు. పోలో 1,100 కిలోలకు పైబడినది. అబార్త్ 1,200 కిలోలకు దాపు. కావున బెలీనోలో ఒక్కొక్క గుఱ్ఱము లాగవలసినది తొమ్మిది కిలోలకు కొంచె మెక్కువ. పోలోలో పదికి పైన. అబార్తులో ఎనిమిది చిల్లర. బలము తక్కువదైన బండియు తేలికయైనచో చుఱుకుగా నడచునని దీనివలన తెలియుచున్నది. బరువులాగు ఎద్దును, సవారిబండి ఎద్దును మీరు వేఱువేఱుగా నెంచుట యిందులకే గదా.

ఇంత చిన్న ఇంజనులకు అంత బలమెట్లు వచ్చినదందురా? కమ్మరి కొలిమిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తిత్తి యూదినకొలది నిప్పు రాజుకొనును. ఈ కారులలో టర్బో యను చిన్నచక్రము కలదు. ఇంజనునుండి వెలువడు పొగ వేగమే ఆ చక్రమును ద్రిప్పును. అది వెలుపలి గాలిని నొక్కి ఇంజనులోనికి పంపును. గాలి యెక్కువైనచో పెట్రోలు నెక్కువగా మండింపవచ్చును. ఈ చక్రము నిమిషమునకు లక్షసారులకు మించి తిరుగగలదు. అంతటి వేగమును, వేడిని ఓర్చుకొనుటకు దానికి శుభ్రమైన నూనె యాధారము. నూనె మార్చుటలో అలక్ష్యము చేసిన సామాన్యపుకారు కొంతకాలము సహించునేమో గాని టర్బోబండి సహింపదు. కావున ఇట్టి కారును గొనువారు మొదట నడుగవలసినది "ఎంత వేగము పోవును?" అని కాదు, "నూనె యెప్పుడెప్పుడు మార్చినారు? రసీదులేవి?" అని.

ఇరువది యేండ్ల క్రిందట నేను మొదటి ప్రశ్నయే యడిగి యొక వాడిన కారును గొంటిని. రంగు అద్దమువలె మెఱయుచుండెను. మూడవ నెలలోనే ఇంజను విప్పవలసి వచ్చి, కారు ధరలో సగము మరమ్మతునకే పోయెను. ఆ దోషము నాదే. అందుచేత ఈసారి తార్నాకలో చిరకాలముగా బండ్లు బాగుచేయుచున్న యొక మిస్త్రీని వెంటబెట్టుకొని పోయితిమి.

మొదట అబార్తును జూచితిమి. అది తార్నాకలోని యొక సందులో నుండెను. మేము పోవుసరికే యజమాని దానిని నడిపి తెచ్చి నిలిపియుంచెను. మిస్త్రీ ఇంజనుపై చేయుంచి నాతో మెల్లగా "పంతులుగారూ, వేడి ఇంజను సంగతి చెప్పదు, రేపు ప్రొద్దున చల్లగా నున్నప్పుడు వత్తము" అనెను. మఱునాడు చల్లని ఇంజనును ద్రిప్పగా వెనుకనుండి నీలపుపొగ వచ్చెను. నీలపుపొగ యనగా లోపల నూనె మండుచున్నదని యర్థము. తెల్లనిపొగ వచ్చి యెంతసేపటికి నాగనిచో ఇంజనులోనికి నీరు దిగుచున్నదని యనుమానింపవలెను. నల్లనిపొగ పెట్రోలు మితిమీఱి మండుటకు గుఱుతు. అంతియేగాక దాని సైలెన్సరు మార్చబడినది. బలము పెంచుటకై ఇంజను నేలు విద్యుత్పరికరమును గూడ తిరుగదిద్దించినట్లు యజమాని గర్వముగా జెప్పెను. తయారుచేసినవారు నిర్ణయించిన ప్రధానలక్షణములను బండిలో మార్చుట మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధము. 2019లో సుప్రీముకోర్టు దీనిని స్పష్టపఱచినది. ఇట్టి మార్పులుగల బండికి ప్రమాదము జరిగినచో బీమావారు పరిహార మీయ నిరాకరింపవచ్చును. మా వాని ముఖము చిన్నబోయెను. వాని మనస్సు ఆ బండిమీదనే యుండెను.

రెండవది పోలో. అది వాడిన కారుల నమ్ము ఒక యంగడిలో నుండెను. దూరము జూపు మీటరులో 38,000 కిలోమీటర్లని యుండెను. కాని బ్రేకు పెడలుపై రబ్బరు పూర్తిగా అరిగి నున్ననై యుండెను; స్టీరింగు చక్రముపై తోలు అరచేతుల రాపిడికి మెఱుగెక్కెను. మీటరును వెనుకకు ద్రిప్పవచ్చును గాని అరిగిన రబ్బరును పెంచుట యెవరితరము? మిస్త్రీ గుడ్డలో జుట్టిన చిన్న అయస్కాంతమును ఇనుపరేకు పొడవున జరుపగా నొక తలుపువద్ద అది పట్టలేదు. అచ్చట సొట్టను మెత్తి రంగు వేసినారన్నమాట. టైరు ప్రక్కను నాలుగంకెలు ముద్రింపబడి యుండును: 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. ఈ బండి నాలుగు టైర్లపై నాలుగు సంవత్సరములు కనబడెను. ఇంకొక విశేషము: దాని గేర్లకు రెండు క్లచ్చీలు కలవు, అవి నూనెలో మునుగని పొడి క్లచ్చీలు. నగరపు రద్దీలో ఆగుచు సాగుచు పోవునప్పుడవి వేడెక్కి యరుగును. ఆ భాగముల మరమ్మతు మిక్కిలి ఖరీదు. అందుచే నిట్టి బండిని గొనువారు కనీసము అరగంట రద్దీలో నడిపించి, అదురు లేదని నిశ్చయించుకొనవలెను. ఇందులో తయారుచేసినవారి తప్పేమియు లేదు. అదే రకపు బండి మంచి చేతులలో నుండిన మంచిదే యగును.

మూడవది బెలీనో. అది విశ్వవిద్యాలయపు ఆవరణలోనే యుండెను. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల గులాబివన్నె రాతిసౌధమునకు కొంతదూరములో, చెట్లక్రింద, ఎండకు పైరంగు వెలసి, ముందుభాగమున రెండు గీతలతో నిలిచియుండెను. మా వాడు దానివంక రెండవసారి చూడలేదు. దాని యజమాని పదవీవిరమణ చేసిన యుపాధ్యాయుడు. ఆయన సంచిలోనుండి తీసిన రసీదులకట్టలో ఆయిలు మార్చిన ప్రతిసారియు తేదీ, కిలోమీటర్లు వ్రాయబడి యుండెను. చల్లని ఇంజను మొదటి ప్రయత్నముననే పలికెను, పొగ లేదు. ఛాసిస్ సంఖ్య రిజిస్ట్రేషను పత్రములోనిదానితో సరిపోయెను. కొఱతయంతయు టైర్లలోనే, అవి పాతబడినవి.

భారతములోని నలుని కథ నాకు జ్ఞప్తికి వచ్చెను. ఋతుపర్ణమహారాజు ఒక్క పగటిలో విదర్భకు బోవలెనన్నప్పుడు, బాహుకుడై యున్న నలుడు బక్కచిక్కిన గుఱ్ఱములను దెచ్చెను. ఇవి లాగగలవా యని రాజు కోపించెను. నలుడు వాని దేహపుష్టిని గాక సుడులను, జాతిని జూచి యెంచినాడు. అవియే రాజును చేర్చినవి. మనుమనికి ఈ కథను చిన్ననాడు చెప్పియుంటిని. ఆ చెట్టుక్రింద మరల గుర్తుచేసితిని. వాడు నవ్వి, "సరే, ఒకసారి నడిపి చూచెదను" అనెను. నడిపి వచ్చిన తరువాత బండి చుట్టును దిరిగి చూచెను గాని రంగు మాట యెత్తలేదు.

ఇక ధనము సంగతి. చేతిలో నైదు లక్షలున్నచో అయిదు లక్షల బండిని గొనరాదు. నాలుగు పాళ్లు బండికి, ఒక పాలు దాని తరువాతి ఖర్చునకు నుంచవలెను. వాడిన బండిని ఎంత మంచిదైనను తెచ్చినవెంటనే నూనెలు మార్చవలెను, బ్రేకులను చూపింపవలెను, బీమా కట్టవలెను. మేము నాలుగు లక్షలకు బేరము చేసి, మిగిలినదానినుండి మొట్టమొదట నాలుగు క్రొత్త టైర్లు కొంటిమి.

టైర్లకును బ్రేకులకును ఇంత ప్రాధాన్య మెందుకందురా? వేగము రెండింతలైనచో, బ్రేకు నొక్కినపిదప బండి యాగుటకు బట్టు దూరము రెండింతలు గాదు, నాలుగింతలు. గంటకు 40 కిలోమీటర్లలో పోవునది పది మీటర్లలో ఆగినచో, 80లో పోవునది నలువది మీటర్లు తీసికొనును. విశ్వవిద్యాలయపు త్రోవలలో ఉదయము నడకకు వచ్చు వృద్ధులు, పుస్తకములతో బోవు బాలబాలికలు ఎందఱో! ఆ ముప్పది మీటర్లలో నెవరుందురో యెవరెఱుగుదురు? హైదరాబాదు చుట్టును గల 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిపై గూడ 2023లో నిర్ణయించిన మితి గంటకు 120 కిలోమీటర్లే. ఈ మూడు బండ్లును దానిని సులభముగా దాటగలవు. కావున ఇంకను బలమైన బండికై ఇంకొక లక్ష పెట్టినచో, ఆ బలమును ధర్మముగా వినియోగించు చోటే లేదు.

కాగితములను గూర్చి కొన్ని మాటలు చెప్పి ముగించెదను. బండిపై బ్యాంకు అప్పు ఉండినదా, తీఱినదా చూడవలెను. తీఱినచో 35వ నమూనాపై బ్యాంకువారి సంతకముండవలెను. యాజమాన్యము మార్చుటకు 29, 30 నమూనాలు కావలెను. ఇతర రాష్ట్రపు బండియైనచో అచ్చటి కార్యాలయమునుండి 28వ నమూనాలో అభ్యంతరము లేదను పత్రము తేవలెను. కట్టని పోలీసు జరిమానాలున్నవేమో విచారింపవలెను. బీమాను పదునాలుగు దినములలో తమ పేర మార్పించుకొనుటకు దరఖాస్తు చేయవలెను. అమ్మువారికిని ఒక హెచ్చరిక: పేరు మాఱనంతవఱకు, ప్రమాదము జరిగినచో రిజిస్ట్రేషనులో పేరున్నవాడే యజమానిగా బాధ్యుడని 2018లో సుప్రీముకోర్టు తీర్పిచ్చినది. సంతకము పెట్టి డబ్బు దీసికొన్నంతమాత్రమున విముక్తి లేదు.

నేను మా వానికి బెలీనో కొనిపించితినని మీరందఱు దానినే కొనవలదు. అబార్తు యజమాని నూనె రసీదులు చూపియుండినచో నేను దానినే కొనుమందునేమో! బండి పేరు కాదు, ఆ యొక్క బండి నడచిన జీవితము ముఖ్యము. మీ మనుమడు అడిగినప్పుడు కోపింపకుడు. "పద, నేనును వచ్చెదను" అనుడు. వానికి ఇంజను తెలియును. మీకు అమ్మువాని ముఖము తెలియును. ఇరువురు కలిసి పోయిననే బేరము కుదురును. మొన్న సంక్రాంతికి మా వాడు తల్లిని ముందు సీటులో గూర్చుండబెట్టుకొని యూరికి వచ్చెను. ఎంత వేగముగా వచ్చితివని యడిగితిని. వాడు చెప్పకముందే మా అమ్మాయి "దారిలో నాకు నిద్ర పట్టినది, నాన్నా" అనెను. నాకు వేఱు సాక్ష్య మక్కఱలేకపోయెను.