ఫోన్లో దొరికింది కోర్టులో చెల్లుతుందా?

ఇరవయ్యేళ్ల కిందట మా ఆఫీసుకు వచ్చే కక్షిదారుల చేతిలో గుడ్డసంచి ఉండేది. అందులో ప్రామిసరీ నోటు, శిస్తు రసీదులు, నాలుగు మడతలు పడి చిరగడానికి సిద్ధంగా ఉన్న దస్తావేజు. ఇప్పుడు ఫోన్ తీసి బల్ల మీద పెడుతున్నారు. కేసు నంబరు, వాయిదా తేదీ, అవతలివాళ్లు పెట్టిన మెసేజీ, చివరికి ‘మన కేసు లాంటిదే’ అంటూ సుప్రీంకోర్టు తీర్పు కూడా అందులోనే. ఇది మంచి మార్పే. ఒకప్పుడు వాయిదా ఏ రోజో తెలియాలంటే ప్లీడరు గుమాస్తా దయ ఉండాలి. కానీ ఫోన్లో కనపడినదల్లా కోర్టులో చెల్లుతుందని నమ్మి నష్టపోయేవాళ్లను చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

అపోహ: రికార్డింగ్ ఉంది కాబట్టి సాక్ష్యం ఉన్నట్టే

మొన్న ఒక పెద్దావిడ మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. చేబదులుగా ఇచ్చిన మూడు లక్షలు రావాలి. కాగితం రాయించుకోలేదు. “రికార్డు ఉంది ప్లీడరు గారూ, వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు” అంది. మనవడు వినిపించాడు. “ఇస్తానక్కా, పంట డబ్బు చేతికి రానీ” అంటున్న గొంతు స్పష్టంగా ఉంది. రికార్డయిన ఫోన్ ఏదని అడిగితే, పండగ ఆఫర్లో పాతది ఇచ్చేసి కొత్తది తీసుకున్నారట. ఇప్పుడు మిగిలింది అంతకుముందే మనవడి వాట్సాప్‌కు పంపిన నకలు.

రికార్డింగ్ సాక్ష్యంగా పనికొస్తుంది, అందులో అనుమానం లేదు. దాన్ని కోర్టు ముందు పెట్టడానికి రెండు దారులున్నాయి. అసలు ఫోన్‌నే తెచ్చి, దాని సొంతదారు బోనెక్కి ‘ఇది నాదే, ఇందులోనే రికార్డయింది’ అని చెప్పడం ఒకటి. నకలును పెన్‌డ్రైవ్‌లోనో సీడీలోనో వేసి, చట్టం చెప్పిన సర్టిఫికెట్ జతచేయడం రెండోది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63 కింద ఆ సర్టిఫికెట్ నమూనాను చట్టంలోనే ఇచ్చింది. ‘ఎ’ భాగం దాఖలు చేసే వ్యక్తి నింపాలి, ‘బి’ భాగం నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ కూడా అందులో రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరమో, ఒక్క క్షణం శబ్దమో మారినా ఆ విలువ వేరే వస్తుంది.

ఆవిడ దగ్గర అసలు ఫోన్ లేదు. మనవడి ఫోన్లోని నకలుకు సర్టిఫికెట్ ఇవ్వొచ్చు గానీ, ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది, మధ్యలో ఎవరు కత్తిరించారు’ అన్న ప్రశ్న అవతలి ప్లీడరు తప్పకుండా వేస్తాడు. మీ దగ్గర అలాంటి రికార్డింగో మెసేజీలో ఉంటే ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ తీశాం కదా అని అసలు సంభాషణ చెరిపేయకండి. అద్దం పగిలినా సరే, కవర్లో చుట్టి బీరువాలో దాచండి.

అపోహ: వెతికితే తీర్పు దొరికింది, ఇక తిరుగులేదు

తీర్పులు వెతకడం ఒకప్పుడు ఒంటినొప్పులు తెచ్చే పని. బార్ లైబ్రరీలో ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్) సంపుటాలు దించి, దుమ్ము దులిపి, విషయసూచిక మీద వేలు పెట్టి ఒక్కో పేరూ చూసుకుంటూ పోవాలి. ఏఐఆర్ 1914 నుంచి వస్తోంది, మరి గోడలన్నీ అవే. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే జూనియర్‌కు పూర్తి సెట్టు కొనే స్తోమత ఎక్కడిది? 2008లో మొదలైన ఇండియన్ కానూన్ వెబ్‌సైట్ ఆ గోడ పగలగొట్టింది. ఎవరైనా, ఎక్కడి నుంచైనా, పైసా ఖర్చు లేకుండా వెతకొచ్చు. 2023 జనవరిలో సుప్రీంకోర్టే తన తీర్పుల్ని ఇ-ఎస్‌సీఆర్ పేరుతో ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఊరి ప్లీడరుకూ ఢిల్లీ ప్లీడరుకూ మధ్య ఉన్న దూరం ఇంతగా తగ్గడం నా వృత్తి జీవితంలో నేను చూసిన గొప్ప మేలు.

అయితే వెతికే యంత్రం బతికున్న తీర్పునూ చచ్చిపోయిన తీర్పునూ ఒకే వరసలో చూపిస్తుంది. పైన చెప్పిన సర్టిఫికెట్ సంగతే తీసుకోండి. పార్లమెంటుపై దాడి కేసులో, నవజోత్ సంధు తీర్పుగా పేరుపడ్డ 2005 నాటి తీర్పులో, సుప్రీంకోర్టు సర్టిఫికెట్ లేకపోయినా ఎలక్ట్రానిక్ రికార్డును వేరే విధంగా రుజువు చేసుకోవచ్చంది. 2014లో అన్వర్ కేసు వచ్చింది. కేరళలో ఒక ఎన్నిక చెల్లదంటూ ప్రచారం పాటలూ ప్రసంగాలూ ఉన్న సీడీలు దాఖలు చేశారు, సర్టిఫికెట్ మాత్రం లేదు. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సీడీల్ని పక్కన పెట్టేసి, పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ 65బి సర్టిఫికెట్ తప్పనిసరి అని తేల్చింది. 2018లో షఫీ మహమ్మద్ కేసులో ఇద్దరు న్యాయమూర్తులు, పరికరం తన చేతిలో లేనివాళ్లకు సడలింపు ఇవ్వొచ్చన్నారు. మళ్లీ 2020 జులైలో అర్జున్ పండిత్‌రావ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఆ సడలింపును కొట్టేసి అన్వర్ తీర్పునే నిలబెట్టారు. పరికరం ఎవరి దగ్గరుందో వాళ్లు సర్టిఫికెట్ ఇవ్వనంటే కోర్టు ద్వారా తెప్పించుకోమన్నారు.

ఒకే ప్రశ్నకు పదిహేనేళ్లలో నాలుగు జవాబులు. ఆ పైన 2024లో చట్టమే మారింది. కొత్త చట్టం వచ్చేనాటికే నడుస్తున్న విచారణలకు పాత చట్టం వర్తిస్తుంది కాబట్టి రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఈ నాలుగు తీర్పులూ ఇవాళ ఫోన్లో రెండు నిమిషాల్లో దొరుకుతాయి. 2018 నాటిది చదివి, అక్కడే ఆగి, సంబరపడి వచ్చిన కక్షిదారు నాకు తెలుసు. ఆ తీర్పును తర్వాత ఎవరు ప్రస్తావించారు, ఎంతమంది న్యాయమూర్తులు ఇచ్చారు, పెద్ద ధర్మాసనం దాన్ని ఏం చేసింది అన్నవి చూడటానికే అసలు సమయం పడుతుంది. ఆ పని పుస్తకాల రోజుల్లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

అపోహ: ఏఐని అడిగితే చట్టం మొత్తం చెప్పేస్తుంది

అమెరికాలో రాబర్టో మాటా అనే ప్రయాణికుడు విమానంలో వడ్డించే బండి మోకాలికి తగిలిందని అవియాంకా సంస్థ మీద దావా వేశాడు. అతని తరఫున దాఖలైన కాగితాల్లో చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల పేర్లున్నాయి. ‘వర్ఘీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్’ అంటూ నమ్మశక్యంగా ఉన్న పేర్లు. అవేవీ లేవు! లాయరు అనుమానించకపోలేదు. ఇది నిజమైన కేసేనా అని మళ్లీ దాన్నే అడిగాడు, నిజమేనంది. 2023 జూన్‌లో న్యూయార్క్ న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

చాట్‌జీపీటీ కావాలని అబద్ధమాడదు. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి వాక్యం అల్లుతుంది. కేసు పేరు ఎలా ఉంటుందో, పక్కన సంవత్సరం, పేజీ నంబరు ఎలా రాస్తారో దానికి తెలుసు కాబట్టి లేని కేసునూ ముచ్చటగా రాసిస్తుంది. వాద పత్రం చిత్తుప్రతికి, పొడవైన తీర్పును కుదించి చెప్పడానికి నా జూనియర్లు వాడుతున్నారు. నేను వద్దనలేదు. కానీ అది చెప్పిన ప్రతి తీర్పునూ తెరిచి, ఆ పేరా కళ్లారా చదివాకే నా ముందుకు తేవాలి. కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టుల కోసం తెచ్చిన విధానమూ ఇలాంటిదే. తీర్పు నిర్ణయించడానికి ఏఐని వాడకూడదు, అది ఇచ్చినదేదైనా మనిషి సరిచూడాలి.

అపోహ: ఆర్డరు డౌన్‌లోడ్ అయింది, నకలు అక్కర్లేదు

ఇ-కోర్ట్స్ యాప్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు కొడితే కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది, చాలా ఆర్డర్లు కూడా దిగుతాయి. అది మీ సమాచారం కోసం. అప్పీలుకు సర్టిఫైడ్ కాపీ కావాలి. గడువు డిక్రీ తేదీ నుంచి మొదలవుతుంది, మీరు ఫోన్లో చూసుకున్న రోజు నుంచి కాదు. జిల్లా కోర్టుకు అప్పీలైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. నకలు తయారీకి పట్టిన రోజులు మినహాయిస్తారు కాబట్టి దరఖాస్తు వెంటనే పెట్టండి.

సమాచారం కోసమేనన్న మాట తెలుగు అనువాదాలకూ వర్తిస్తుంది. సుప్రీంకోర్టు తీర్పులు తెలుగులో చదువుకోగలగడం మనకు దక్కాల్సిన హక్కే, ఆలస్యంగానైనా దక్కుతోంది. కాకపోతే అవి అర్థం చేసుకోవడానికి. అమలుకు ఇంగ్లిష్ ప్రతే ప్రమాణం.

ఆన్‌లైన్లో పోలీసు ఫిర్యాదు పెట్టేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రకారం మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేస్తేనే అది రికార్డుకెక్కుతుంది.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన నోటీసుకు లొంగిపోవాల్సిందే

కోర్టు సమన్లు రాష్ట్ర నియమాలకు లోబడి, కోర్టు ముద్రతో ఎలక్ట్రానిక్‌గా రావచ్చు. కానీ విచారణకు హాజరు కమ్మని పోలీసులిచ్చే, కొత్త నేర ప్రక్రియ చట్టంలోని సెక్షన్ 35 నోటీసు వాట్సాప్‌లో పంపితే సరిపోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. ఇక ‘డిజిటల్ అరెస్టు’ అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదు. ఫోర్జరీ చేసిన కోర్టు ఉత్తర్వులు చూపించి వృద్ధుల్ని దోచుకుంటున్నారని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది.

మా వీధి చివర ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారున్నారు. ఒక మధ్యాహ్నం భార్య ఫోన్ నుంచి నాకు చేశారు, గొంతు గుసగుసగా ఉంది. “బాబూ, నన్ను అరెస్టు చేశారట. గది తలుపేసుకుని కెమెరా ముందే కూర్చోమన్నారు. బాత్రూంకని చెప్పి వచ్చాను. తెర మీద జడ్జి గారు కూడా ఉన్నారయ్యా.” అరెస్టు చేసేవాడు మనిషిగా ఎదుటికి రావాలని, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని చెప్పాను. డబ్బు బదిలీ చేయమనే జడ్జి ఏ కోర్టులోనూ ఉండడని చెప్పాను. “డబ్బేమైనా పంపారా మాస్టారూ?” అంటే, బ్యాంకు యాప్ తెరిచి ఉంచానన్నారు. ముందు అది మూసేయమన్నాను. ఆ వీడియో కాల్ కట్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమన్నాను. ఆయన ఆ గదిలోకి తిరిగి వెళ్లి, కాల్ కట్ చేసి, తలుపు గడియ తీసిన చప్పుడు వినపడే దాకా నేను లైన్లోనే ఉన్నాను.