పన్ను నొప్పికి వైద్యుడెవరు?

పన్ను అనే మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి. నోట్లో పన్ను సలిపితే ఎక్కడికి పోవాలో మా మేళ్లచెరువులో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. రెండో పన్ను సలిపితే ఎవరి దగ్గరకు పోవాలో మాత్రం, తెలుగు ఎం.ఏ. చదివి ఇరవై ఏళ్లుగా కాలేజీలో పాఠాలు చెబుతున్న నాకే 2023 జూలై దాకా తెలియదు!

అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో, మూడేళ్లుగా ఆగిపోయిన ఇంక్రిమెంట్ల బకాయి ఒక్కసారిగా చేతికొచ్చింది. ఏడాదికి 72,000 చొప్పున మొత్తం 2,16,000 రూపాయలు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. తీరా చూస్తే, మినహాయింపులు పోను 9,20,000 ఉండవలసిన ఆదాయం 11,36,000కు ఎక్కి కూర్చుంది. పాత పద్ధతిలో పది లక్షలు దాటిన సొమ్ము మీద ముప్ఫై శాతం పన్ను. పెద్దమ్మాయి హాస్టలు ఫీజుకని అనుకున్న డబ్బు కాస్తా జీతంలోనే కోతపడింది.

ఆ రోజుల్లోనే న్యూజెర్సీ నుంచి మా మేనకోడలు ఫోను చేసింది. "ఇక్కడ కేంద్రానికొక రిటర్ను, రాష్ట్రానికొక రిటర్ను వెయ్యాలి మామయ్యా. మీ రాష్ట్రానికి ఎంత కడుతున్నావు?" అని అడిగింది. మన ఏర్పాటు వేరని చెప్పాను. జీతం మీద ఆదాయపు పన్ను కేంద్రానిది. వ్యవసాయాదాయం మీద పన్ను వేసే అధికారం మాత్రం రాష్ట్రాలది. నా జీతంలోంచి తెలంగాణ ప్రభుత్వం పట్టుకునేది వృత్తి పన్ను, నెలకు 200 రూపాయలు. అది ఏడాదికి 2,500 దాటరాదని రాజ్యాంగం 276వ అధికరణంలోనే ఉంది. "అయితే నీకు ఒకటే తలనొప్పి, అదృష్టవంతుడివి!" అంది.

ఆ ఒక్క తలనొప్పిని పట్టుకుని, రిటర్నులు వేసిపెడతాడని పేరున్న ఒక కుర్రవాడి దగ్గరకు వెళ్లాను. నా కాగితాలైనా చూడకుండా, "అరవై వేలు రిఫండు తెప్పిస్తాను సార్. నాకు పది శాతం ఇవ్వండి" అన్నాడు.

"ఎలా వస్తుంది నాయనా?"

"ఇంటి అప్పు వడ్డీ చూపిద్దాం."

"నాకు ఇంటి అప్పు లేదే!"

"ఉన్నట్టు వేద్దాం సార్. ఎవరడుగుతారు?"

దాచుకోవడమెందుకు, నా మనసు కొంచెం జారింది. హాస్టలు ఫీజు గడువు వారం రోజులే ఉంది మరి. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ అంతా విని, "అడిగితే ఎవర్ని అడుగుతారండీ? ఆ కుర్రవాణ్ణా, మిమ్మల్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు సాయంత్రం శంభులింగేశ్వరస్వామి గుడి దగ్గర, ట్రెజరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన కలిశారు. ఆయనను బాబాయిగారూ అని పిలుస్తాను. సంగతి చెప్పగానే, "ఫారం 16 ఉందా? బకాయి ఏ ఏటికెంతో రాసిచ్చిన కాగితం ఉందా? ఆ మూడేళ్ల రిటర్నులున్నాయా?" అని అడిగారు. రిఫండు మాట ఎత్తలేదు. అన్నీ తెచ్చి ముందుపెట్టాను.

"డబ్బు ఆలస్యంగా వచ్చినంత మాత్రాన అదంతా ఒక్క ఏటి సంపాదన అవుతుందా అబ్బాయ్? ఏ ఏటిది ఆ ఏటికి కలిపి లెక్కకట్టు" అన్నారు. 1961 నాటి చట్టంలో 89వ సెక్షను చెప్పేది అదేనట. అలా పంచితే ఆ మూడేళ్లలో ఏ ఏడూ నా ఆదాయం పది లక్షలు దాటలేదు. అంటే ఇరవై శాతమే. పది లక్షల పైన ఉన్న 1,36,000 మీద పడిన అదనపు పది శాతం, అనగా 13,600, సెస్సుతో కలిపి 14,144 రూపాయలు నాకు న్యాయంగా తగ్గాలి.

"కాని ముందు ఆన్‌లైన్లో ఫారం 10ఇ పంపు, తర్వాతే రిటర్ను. అది లేకపోతే బెంగుళూరు కేంద్రంలో ఈ తగ్గింపు ఒప్పుకోరు. లేని అప్పు చూపించి దొరికిపోయావా, ఎగ్గొట్టిన పన్నుతో పాటు దానికి రెండింతలు జరిమానా!" అని హెచ్చరించారు.

జూలై 31 లోపల రెండూ పంపి, ఆధార్ ఓటీపీతో ధ్రువపరిచాను. హాస్టలు ఫీజుకు చేబదులు తెచ్చాను. రిఫండు వచ్చాక తీర్చేశాను. బాబాయిగారు నా దగ్గర పుచ్చుకున్న ఫీజు మా ఇంట్లో ఒక కప్పు కాఫీ.

2025లో కొత్త చట్టం వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి. కనుక నా అంకెలు పట్టుకుని కూర్చోకండి. సందేహం వస్తే ఆదాయపు పన్ను శాఖవారి టోల్‌ఫ్రీ ఫోను ఉంది, చార్టర్డ్ అకౌంటెంట్లున్నారు, మా బాబాయిగారి వంటి పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మీ కాగితాలు చూడకముందే రిఫండు ఎంతో చెప్పేవాడి దగ్గర మాత్రం కూర్చోకండి. నోరు తెరవమనకుండా పన్ను పీకేవాడి దగ్గర కూర్చుంటామా?