కొండెక్కే విద్యార్థికి తాడు పట్టేదెవరు?

మన్ననూర్: హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూర్‌లో అటవీశాఖ వారి గేటు దాటితే దట్టమైన నల్లమల మొదలవుతుంది. ఆ లోపలి పెంటలలో నివసించే చెంచువారికి కొండ దిగడం ఎవరూ నేర్పవలసిన విద్య కాదు. నిట్టనిలువు బండకు పట్టిన తేనెపెర కోసం నార తాడు పట్టుకుని లోయలోకి దిగడం వారికి తాతల నాటి నుంచి వస్తున్న పని. పొగ పెట్టి ఈగలను తోలి, పెర కోసి బుట్టలో వేసుకుని, మళ్ళీ ఆ తాడు మీదనే పైకి వస్తారు. అలా తెచ్చిన తేనెను గిరిజన సహకార సంస్థ కొంటుంది.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉన్నదని పెద్దలు చెబుతారు. పైన తాడు పట్టేవాడు సొంత అన్నదమ్ముడు కాదు, బావమరిది. తాడు జారితే తన తోబుట్టువు పసుపుకుంకుమలు పోతాయి గనుక బావమరిది చెయ్యి సడలనివ్వడని వారి నమ్మకం. దిగేవాని ధైర్యం ఎంత ముఖ్యమో, పైనున్నవాని చెయ్యి అంత ముఖ్యమన్నమాట.

పర్వతారోహణకు పోవాలనుకునే పేద విద్యార్థి విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఎక్కే ధైర్యం, కాళ్ళలో బలం పల్లె పిల్లలకు కొదువ లేదు. లేనివి డబ్బు, సామాను. వాటి కోసం ఎవరి దగ్గరకు పోవాలి, ఎంత అడగాలి, ఏది ముందు కొనాలి అన్నది తెలియకనే చాలా ఆశలు బడి గోడలు దాటవు.

గురుకులం పిల్లలు చూపిన దారి

2014 మే 25వ తేదీన ఇద్దరు తెలుగు విద్యార్థులు ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. ఒకరు నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన కుమారి మాలావత్ పూర్ణ. రెండవవారు అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆనంద్ తండ్రి సైకిళ్ళు బాగుచేసే మనిషి. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. ప్రపంచంలో అంత చిన్న వయస్సులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల మరొకరు లేరు.

ఇది ఒక్క రోజులో జరిగిన పని కాదు. అప్పటి గురుకులాల సంస్థ కార్యదర్శి, పోలీసు అధికారి శ్రీ ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకొనగా, శిక్షకుడు శ్రీ శేఖర్ బాబు బచినేపల్లి ఆధ్వర్యంలో నూరు మందికి పైగా పిల్లలకు భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్పారు. అందులో నుంచి కొందరిని డార్జిలింగ్ శిక్షణకు, మళ్ళీ వారిలో కొందరిని లడఖ్ చలికి పంపారు. చివరకు మిగిలింది ఇద్దరు. నేపాల్ ప్రభుత్వం 16 ఏళ్ళు నిండనివారిని ఎవరెస్టు ఎక్కనివ్వదు గనుక వారు టిబెట్ వైపు నుంచి పోయారు. ఆ ఏడాదే ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుగడ్డలు విరిగిపడి 16 మంది నేపాలీ సహాయకులు చనిపోయారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆ ఇద్దరు పిల్లలూ డబ్బు కోసం ఇల్లిల్లూ తిరగవలసిన అవసరం రాలేదు. ఖర్చు ప్రభుత్వ సంస్థ భరించింది. తాడు పట్టే చెయ్యి పైన ఉన్నది. శిఖరం మీద జాతీయ జెండాతో పాటు డాక్టర్ అంబేద్కర్, గురుకులాలకు బాటవేసిన ఐ.ఏ.ఎస్. అధికారి శ్రీ ఎస్.ఆర్. శంకరన్ చిత్రాలను వారు చూపడం ఊరకే జరిగినది కాదు. పూర్ణ ఆ తరువాత కూడా ఆగలేదు. 2022 జూన్‌లో అమెరికాలోని దెనాలి ఎక్కి, ఏడు ఖండాలలోని ఎత్తైన శిఖరాలన్నీ పూర్తి చేశారు.

ఒకరి కాసుతోనే ఒకరి పయనం

డబ్బు అడగడం నామోషీ అనుకునేవారున్నారు. కాని కొండ మీదకు సొంత డబ్బుతో పోయినవారు మొదటి నుంచీ తక్కువే. 1953 మే 29న టెన్జింగ్, హిల్లరీలు ఎవరెస్టు ఎక్కిన యాత్రకు లండనులోని భౌగోళిక సంఘం, పర్వతారోహకుల సంఘం వెనుక నిలిచాయి. అక్కడి ఒక దినపత్రిక వార్తల హక్కులు కొనుక్కుని సొమ్ము ఇచ్చింది. మన దేశం నుంచి తొలిసారి ఎవరెస్టు ఎక్కిన మహిళ శ్రీమతి బచేంద్రీ పాల్ ఉత్తరకాశీ జిల్లాలోని ఒక పల్లెటూరి పిల్ల. చదువుకునే రోజుల్లో బట్టలు కుట్టి ఖర్చులు వెళ్ళదీసుకున్నారు. ఉత్తరకాశీ శిక్షణ సంస్థలో మంచి పేరు తెచ్చుకున్నందువల్లనే 1984 నాటి జట్టులోకి పిలుపు వచ్చింది. అంటే ఆమెకు ముందు దొరికింది చందా కాదు, శిక్షణ.

మొదటి మెట్టు శిక్షణే

ఎవరెస్టుకు నేపాల్ ప్రభుత్వానికి కట్టవలసిన రుసుమే విదేశీయులకు 2025 సెప్టెంబరు నుంచి 11 వేల డాలర్లు పోయి 15 వేల డాలర్లయింది. మన రూపాయలలో 13 లక్షలకు దగ్గర. సహాయకులు, ప్రాణవాయువు సిలిండర్లు, తిండి, డేరాలు కలిపితే మొత్తం 30 లక్షల పైమాటే. బడి పిల్లవాడు మొదటి రోజే ఈ అంకె చెబితే వినేవారు నవ్వి పంపిస్తారు.

కనుక మెట్టు మెట్టుగా పోవడం మేలు. ముందు దగ్గరి గుట్టల మీద శిక్షకుని కనుసన్నలలో బండలెక్కడం. తరువాత ప్రభుత్వ సంస్థలలో ప్రాథమిక శిక్షణ. డార్జిలింగ్‌లో 1954లోను, ఉత్తరకాశీలో 1965లోను ఇటువంటి సంస్థలు వెలిశాయి. మనాలిలోను, కాశ్మీరులోని పహల్‌గాంలోను కూడా ఉన్నాయి. ఈ శిక్షణ సుమారు నాలుగు వారాలు. మన దేశస్థులకు రుసుము తక్కువగా ఉంటుంది. రుసుము, వయస్సు నిబంధన సంస్థకొక తీరు గనుక ముందే ఉత్తరం వ్రాసి తెలుసుకోవాలి. చోటు దొరకడానికి నెలల ముందే దరఖాస్తు చేయాలి. అందులో మంచి శ్రేణి వచ్చినవారికే పై శిక్షణకు అవకాశం. ఆ తరువాత 6 వేల మీటర్ల శిఖరం, ఆ పైన పెద్ద కొండ. ఒక్కొక్క మెట్టుకు కావలసిన సొమ్ము ఊరివారికి అందుబాటులోనిది. చేతిలో శ్రేణి పత్రం ఉంటే రెండవసారి అడగడం సులభం.

ఏది కొనాలి, ఏది అద్దెకు తేవాలి

శిక్షణ సంస్థలు బూట్లు, తాళ్ళు, మంచు గొడ్డలి, నిద్ర సంచి వంటివి శిక్షణ కాలానికి తామే ఇస్తాయి. కనుక మొదటి విడతలో విద్యార్థి ఇంటి నుంచి తీసుకుపోవలసింది బట్టలు, మేజోళ్ళు, చిన్న సామాను మాత్రమే. నూలు బనీను ఇక్కడి ఎండకు హాయి గాని మంచులో శత్రువు. చెమట పీల్చుకుని ఆరదు, ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తుంది. ఉన్ని లేదా త్వరగా ఆరే రకం బట్ట ఒంటికి ఆనించి వేసుకోవాలి. ఒకటే లావు కోటు కన్న రెండు మూడు పొరలు మేలు.

బూటు విషయంలో పొదుపు పనికిరాదు. లావు మేజోళ్ళు తొడిగి, దిగువకు నడిచినా వేలి కొసలు బూటుకు తగలకుండా ఉండాలి. కొత్త బూటును నెలరోజులైనా తొడిగి తిరగాలి. ఈకల కోటు, నిద్ర సంచి, బూటు అడుగున బిగించే క్రాంపాన్ అనే ఇనుప ముళ్ళ చట్రం వంటివి మనాలి, ఉత్తరకాశీ, డార్జిలింగ్ ఊళ్ళలో అద్దెకు దొరుకుతాయి. ఎవరైనా వాడినవి ఇస్తే చూసి తీసుకోవచ్చు. నల్ల కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి. మంచు మీద ఎండ తిరిగి కొట్టి కళ్ళు కనబడకుండా చేస్తుంది.

తాడు, నడుముకు బిగించే పట్టీలు ఒకరు వాడినవి తీసుకోరాదు. తాడు పైకి బాగానే కనిపించవచ్చు. అది ఎంత బరువు ఆపిందో, ఏ రాతి అంచుకు రాసుకుందో కొత్తవానికి తెలియదు. పెద్ద దెబ్బ ఒక్కటి తిన్న తాడును అనుభవజ్ఞులు పక్కన పడేస్తారు. పాత తాడు మీద తేనెకు దిగరాదని నల్లమల పెద్దలకు ఎవరూ చెప్పనవసరం లేదు.

చందాకు లెక్క

చందా వసూలుకు బయలుదేరే ముందు ఒక కాగితం మీద నాలుగు మాటలు స్పష్టంగా ఉండాలి. ఏ శిక్షణ, ఎన్ని రోజులు, దేనికెంత, చేతిలో ఇప్పటికెంత. ప్రయాణం, రుసుము, బట్టలు, భీమా, చేతి ఖర్చు వేరువేరుగా చూపాలి. సొమ్ము విద్యార్థి పేరు, ప్రధానోపాధ్యాయుని పేరు కలిపి తెరిచిన బ్యాంకు ఖాతాలో పడాలి. పది రూపాయలిచ్చినవారికి కూడా రశీదు అందాలి. తిరిగి వచ్చినాక ఖర్చుల పట్టిక పంచాయతీ గోడకు అంటిస్తే, తరువాత పోయే పిల్లవానికి అదే సిఫారసు.

ప్రయాణం ఆగిపోతే మిగిలిన సొమ్ము ఏమి చేస్తారన్నది ముందే చెప్పాలి. ఎక్కనిది ఎక్కినట్లు చెప్పడం కన్న ఎక్కలేకపోయామని చెప్పడమే గౌరవం. 2016లో మన దేశపు దంపతులు ఎవరెస్టు ఎక్కినట్లు మార్చిన ఫోటోలు చూపగా, నేపాల్ ప్రభుత్వం వారిని పదేళ్ళపాటు కొండల నుంచి నిషేధించింది. ఇటువంటి ఒక్క పని పదిమంది నిజమైన పిల్లల చందా ఆపుతుంది.

అన్నిటికన్న ముఖ్యం, మిత్తికి తెచ్చి కొండెక్కరాదు. కొండ వారాలలో దిగవచ్చు, మిత్తి ఏళ్ళు గడిచినా దిగదు. భూమి కాగితాలు కుదువబెట్టమని, ముందు సొమ్ము కడితే శిఖరం ఎక్కిస్తామని చెప్పే మధ్యవర్తుల మాట నమ్మరాదు. శిఖరం ఎవరూ ముందుగా హామీ ఇవ్వగలిగింది కాదు. ఆ రోజు గాలి తిరిగితే ఎంతటివాడైనా వెనుదిరగవలసిందే.

తిరిగిరానివారు

ప్రమాదం మాట దాచి చందా అడగడం న్యాయం కాదు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామానికి చెందిన శ్రీ మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివేనాడు, అదే బడిలో చదివి 1985లో ఎవరెస్టు మీద ప్రాణాలు విడిచిన లెఫ్టినెంట్ ఉదయ భాస్కర రావు విగ్రహం చూసి ఆయనకు కొండల మీద మనసు పడిందని చెబుతారు. అంతటి అనుభవజ్ఞుడు 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా పోయి తిరిగిరాలేదు. ఏప్రిల్‌లో మృతదేహం దొరికింది. సొంత ఊరిలోనే అంత్యక్రియలు జరిగాయి.

ఎవరెస్టు కొస మీద గాలి ఒత్తిడి నేల మీది దానిలో మూడవ వంతే. అక్కడ తలనొప్పి, ఆయాసం ముదిరితే మందు ఒక్కటే, కిందికి దిగడం. దిగిరమ్మన్న సహాయకుని మాట వినే పిల్లవానినే పంపాలి. భీమా లేకుండా పంపరాదు. తల్లిదండ్రులకు వారి భాషలో అంతా వివరించి సంతకం తీసుకోవాలి. చందా ఇచ్చే పెద్దమనిషి కూడా 'జెండా పాతి రా' అనే ముందు 'క్షేమంగా రా' అనడం నేర్వాలి.

నల్లమల పిల్లల మాట

మన్ననూర్ చుట్టుపక్కల గిరిజన సంక్షేమ పాఠశాలల్లో చదివే పిల్లలకు పుట్టుకతోనే కొండ అలవాటు. ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయ దిగి ఎక్కే భక్తులకు ఆ దారి కష్టం తెలుసు. చెంచు పిల్లలకు అది రోజువారీ నడక. అయితే ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం గనుక అటవీశాఖ అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ బండలెక్కడం కుదరదు. అనుమతి ఇచ్చిన చోట, శిక్షకుడు వెంట ఉండగా నేర్చుకునే ఏర్పాటు కావాలి.

అందుకు పెద్ద నిధులు అక్కరలేదు. మన్ననూర్‌లోని ఐ.టి.డి.ఏ. కార్యాలయం పూనుకుని ఒక గదిలో పది జతల బూట్లు, పది ఈకల కోట్లు, నిద్ర సంచులు ఉంచితే చాలు. శిక్షణకు పోయేవారు తీసుకుపోయి, ఉతికి, తిరిగి అప్పగిస్తారు. ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు ప్రాథమిక శిక్షణ రుసుము కడితే, ఎవరు ముందుకు పోగలరో అక్కడే తేలిపోతుంది. పోలేనివారికీ నష్టం లేదు. అడవిలో దారి తప్పినవారిని వెదకడానికి, పర్యాటకులకు దారి చూపడానికి ఆ విద్య ఇక్కడే పనికివస్తుంది.

తేనెకు దిగేవాడు దిగే ముందు పైకి ఒకసారి చూస్తాడు. తాడు పట్టినవాని ముఖం కనబడితేనే కాలు కిందికి వేస్తాడు. నల్లమల విద్యార్థి కూడా ఇప్పుడు అలాగే పైకి చూడవలసి ఉన్నది. అధికారులు, ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు బావమరిది చెయ్యి చాపితే, ఆ తరువాతి పని పిల్లలే చూసుకుంటారు.