స్కిన్ కలర్

డ్రాయింగ్ క్లాసులో పిల్లలు ‘స్కిన్ కలర్ ఇవ్వవా?’ అని అడిగి తీసుకునేది లేత గులాబీలో కాస్త నారింజ కలిసినట్టుండే క్రేయాన్. అడిగిన చెయ్యి చామనఛాయ. ఆ క్రేయాన్ రంగుకీ ఆ చేతికీ పోలికే ఉండదు.

అమెరికాలో క్రేయోలా కంపెనీ ఈ రంగును ఏళ్ల తరబడి ‘ఫ్లెష్’, అంటే ఒంటి రంగు, అనే పేరుతోనే అమ్మింది. తెల్లవాళ్ల ఒళ్లే ఒళ్లన్నమాట! నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం సాగుతున్న రోజుల్లో, 1962లో, దాన్ని ‘పీచ్’గా మార్చింది. 1999లో ‘ఇండియన్ రెడ్’ వంతు వచ్చింది. నిజానికి ఆ పేరు మన దేశపు ఎర్రమట్టి రంగును బట్టి వచ్చింది. అయితే పిల్లలు దాన్ని అమెరికా మూలవాసుల ఒంటి రంగుగా అర్థం చేసుకుంటున్నారని టీచర్లు చెప్పడంతో ‘చెస్ట్‌నట్’ అయింది. పేరు పెట్టినవారి ఉద్దేశం ఏదైనా, పిల్లల మనసులో నాటుకున్న అర్థమే లెక్కలోకి వస్తుంది. ఆ మార్పు సబబే. 2020లో 24 చర్మవర్ణాలతో ప్రత్యేకంగా ఒక పెట్టె కూడా తెచ్చారు.

అదే ఏడాది అమెరికాలో ఓ పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్యకు గురవడంతో జాతివివక్షపై ప్రపంచమంతా నిరసనలు చెలరేగాయి. ఆ వేడిలోనే మన దగ్గర ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీమ్ కాస్తా ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. పేరు మార్చినంత మాత్రాన చూపు మారదని విమర్శించినవారి మాటా నిజమే. మరి ఆ చూపు ఇంట్లోనే మారాలి. పెళ్లి సంబంధాల ప్రకటన రాసే పెద్దలు ముందుగా ‘తెల్లని’ అన్న మాట కొట్టేయాలి.