కొలువుల లెక్క: ఎవరు రాస్తారు, ఎలా చదవాలి

2017 మార్చి 31న అమెరికా వలస సేవల విభాగం తన అధికారులకు ఒక మెమో పంపింది. దరఖాస్తులో కంప్యూటర్ ప్రోగ్రామర్ అని ఉన్నంత మాత్రాన ఆ ఉద్యోగం హెచ్-1బీ వీసాకు సరిపోతుందని అనుకోవద్దు, డిగ్రీ ఉంటేగాని చేయలేని పని అని యజమాని విడిగా రుజువు చూపించాలి అన్నది అందులోని సారం. అందుకు ఆ విభాగం ముఖ్యంగా ఆధారపడింది ఒక కెరీర్ గైడు మీద. ఇంటర్ చదివే పిల్లలు కూడా పైసా ఖర్చు లేకుండా తెరిచి చూడగలిగే గైడు అది.

దాని పేరు 'ఆక్యుపేషనల్ అవుట్‌లుక్ హ్యాండ్‌బుక్'. తయారుచేసేది అమెరికా కార్మిక గణాంకాల సంస్థ, బీఎల్ఎస్. ప్రోగ్రామర్లలో ఎక్కువమందికి డిగ్రీ ఉంటుందనీ, కొందరు యజమానులు రెండేళ్ల కోర్సు చేసినవాళ్లను కూడా తీసుకుంటారనీ అందులో ఉంది. ఆ రెండో ముక్క పట్టుకుని దరఖాస్తులు తిప్పికొట్టారు. ఒక భారతీయుణ్ని ప్రోగ్రామర్‌గా తీసుకోబోయిన ఇన్నోవా సొల్యూషన్స్ అనే కంపెనీ కోర్టుకెక్కింది. ఆ తిరస్కరణ సబబు కాదని 2020 డిసెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. 2021 ఫిబ్రవరిలో మెమోను వెనక్కి తీసుకున్నారు. దాదాపు నాలుగేళ్లపాటు కెరీర్ గైడులోని ఒక వాక్యం వీసా కాగితాల మీద తీర్పరిగా కూర్చుంది.

ఉద్యోగాల సమాచారం ఇచ్చే ఇలాంటి సాధనాలు మన భవిష్యత్తు చెబుతాయని ఆశపడి తెరుస్తాం. అవి చేసే పని వేరు. దేశంలోని పనులన్నిటినీ గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో ఎంతమంది ఉన్నారో, ఎంత జీతం తెచ్చుకుంటున్నారో లెక్కపెడతాయి. కాబట్టి వాటిని వాడుకోవాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవలసింది తమ పని ఏ గడిలో పడుతుందన్నది. జీతం, గిరాకీ సంగతి ఆ తర్వాత.

ఈ గైడు పుట్టుక రెండో ప్రపంచ యుద్ధంతో ముడిపడి ఉంది. యుద్ధం ముగిసి సైనికులు లక్షలుగా ఇళ్లకు తిరిగొస్తున్నారు. వాళ్లకు ఏ పని చూపించాలో సలహాదారులకు తెలియాలి. అందుకోసం 1946లో ఒక చేతిపుస్తకం తయారైంది. 1949లో అది అందరికీ అందేలా అచ్చయింది. మన దేశంలో ఉపాధి కార్యాలయాల వ్యవస్థ మొదలైనదీ అప్పుడే, అందుకే: 1945లో, సైన్యం నుంచి విడుదలైనవాళ్లకు బతుకుతెరువు చూపడానికి. అక్కడిది సమాచారం దారి పట్టింది; మనది రిజిస్ట్రేషన్ కార్డు, మూడేళ్లకోసారి రెన్యువల్ దారి పట్టింది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ గుమ్మం ముందు నిలబడ్డ తరానికి ఈ తేడా వివరించనక్కర్లేదు.

అమెరికాలో ఇప్పుడు వాడుకలో ఉన్న 2018 వర్గీకరణలో 867 వృత్తులున్నాయి. ప్రతి వృత్తికీ ఆరంకెల కోడు. 15తో మొదలైతే కంప్యూటర్లు, గణితం. 29తో మొదలైతే వైద్యం. 15-1251 కంప్యూటర్ ప్రోగ్రామర్లు, 15-1252 సాఫ్ట్‌వేర్ డెవలపర్లు. కోడు చివర ఒక్క అంకె తేడా. 2024 మే లెక్క ప్రకారం డెవలపర్ మధ్యస్థ వార్షిక జీతం 1,33,080 డాలర్లు, ప్రోగ్రామర్‌ది 98,670. మధ్యస్థం అంటే సగంమందికి అంతకన్నా ఎక్కువ, సగంమందికి అంతకన్నా తక్కువ అని. 2023 నుంచి 2033 వరకు వేసిన అంచనాలో డెవలపర్ల సంఖ్య సుమారు 18 శాతం పెరుగుతుంది, ప్రోగ్రామర్ల సంఖ్య 10 శాతం తగ్గుతుంది.

ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఒకే ప్రాజెక్టు మీద పనిచేసే ఇద్దరిలో ఒకరు ఆ గడిలో, మరొకరు ఈ గడిలో ఉండవచ్చు. ఇంకొకరు చేసిన డిజైన్ ప్రకారం కోడ్ రాసేవారు ప్రోగ్రామర్. డిజైన్ కూడా చేసేవారు డెవలపర్. కంపెనీ మెడలో వేసిన ఐడీ కార్డు మీద 'అసోసియేట్ కన్సల్టెంట్' అని ఉంటుంది, ఆ హోదాకూ ఈ గళ్లకూ సంబంధం లేదు. నా ఉద్దేశంలో ప్రోగ్రామర్ల గడి కుంచించుకుపోవడంలో కొంత పని నిజంగా పోవడం, కొంత అదే పనికి పేరు మారడం. ఆ పట్టిక ఒక్కటే చూసి రెంటినీ విడదీయలేం. 'ప్రోగ్రామింగ్ పని అయిపోయింది' అని వాట్సాప్‌లో తిరిగే కబుర్లకు మూలం చాలాసార్లు ఇలాంటి గడే.

తన గడి ఏదో తెలియనివాళ్లకు ఓనెట్ అనే మరో ఉచిత సాధనం ఉంది. 1930ల చివర్లో మొదలై, పన్నెండు వేలకు పైగా వృత్తుల వర్ణనలతో లావెక్కిన పాత నిఘంటువు స్థానంలో 1998లో ఇది వచ్చింది. రోజూ చేసే పనిని మామూలు మాటల్లో టైపు చేస్తే దగ్గరి వృత్తులను కోడుతో సహా చూపిస్తుంది. ఒక్కో వృత్తికి ఏ నైపుణ్యం ఎంత ముఖ్యమో, నిలబడి చేసే పనో కూర్చుని చేసే పనో, రోజుకెంతమందితో మాట్లాడాల్సి వస్తుందో కొలిచి ఇస్తుంది. ఆ కొలతల్లో చాలా భాగం ఆ పని చేస్తున్నవాళ్లనే అడిగి రాబట్టినవి. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ చెప్పిన ఆరు అభిరుచుల ఆధారంగా అరవై ప్రశ్నల పరీక్ష కూడా అందులో ఉంది. ఇంటర్ గ్రూపు ఎంచుకునే ముందు పిల్లల చేత ఒకసారి చేయిస్తే నష్టం లేదు. జవాబును మాత్రం శిలాశాసనంగా తీసుకోకూడదు.

జీతాల లెక్క ఎక్కణ్నుంచి వస్తుంది? బీఎల్ఎస్ సుమారు 11 లక్షల సంస్థలను మూడేళ్ల వ్యవధిలో, ఆరు విడతలుగా అడుగుతుంది. ఆరింటినీ కలిపి ఒక ఏడాది అంకె తేలుస్తుంది. నమూనా పెద్దది కాబట్టి ఊరికీ ఊరికీ తేడా తెలుస్తుంది. మూడేళ్ల లెక్కలు కలిసిపోవడం వల్ల ఈ ఏడాది వచ్చిన కుదుపు మాత్రం సరిగ్గా కనిపించదు. సొంతంగా పనిచేసుకునేవాళ్లు ఈ లెక్కలోకే రారు. హెచ్-1బీ దరఖాస్తులో రాసే 'ప్రివెయిలింగ్ వేజ్' (ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం) కూడా సాధారణంగా ఈ సర్వే నుంచే వస్తుంది. నాలుగు లెవెళ్లు: ఆ వృత్తిలో, ఆ ప్రాంతంలో వందమందిని జీతం వారీగా కిందినుంచి పైకి నిలబెడితే దాదాపు 17వ మనిషి జీతం మొదటి లెవెల్, 34వది రెండోది, 50వది మూడోది, 67వది నాలుగోది. మూడో లెవెల్ దగ్గరికి వస్తేగానీ మధ్యస్థం రాదన్నమాట. ఎంఎస్ ముగించి మొదటి లెవెల్ ఆఫర్ అందుకున్న అబ్బాయి ఆ ఊళ్లో తన వృత్తివాళ్లలో ఎక్కడ నిలబడ్డాడో ఈ ఒక్క పట్టికతో తెలిసిపోతుంది. ఏ కంపెనీ ఏ ఊళ్లో ఏ కోడు కింద ఎంత జీతం చూపించిందో కార్మిక శాఖ బయటపెడుతూనే ఉంటుంది. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే ప్యాకేజీ మాటలను దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

అసలు చిక్కు భవిష్యత్ అంచనాల దగ్గర వస్తుంది. బీఎల్ఎస్ ముందు జనాభా నుంచి పనికి వచ్చేవాళ్ల సంఖ్య అంచనా వేస్తుంది, తర్వాత మొత్తం ఆర్థిక వ్యవస్థ, ఆపైన ఒక్కో పరిశ్రమ ఉత్పత్తి, దానికి కావలసిన మనుషులు. చివరికి ఆ మనుషులను వృత్తుల గళ్లలోకి పంచుతుంది. పదేళ్ల చివరి ఏడాదిలో ఆర్థిక వ్యవస్థ నిండు ఉపాధితో నడుస్తుందన్నది ముందే పెట్టుకున్న షరతు. మాంద్యం ఎప్పుడొస్తుందో చెప్పే ప్రయత్నమే అందులో లేదు.

పత్రికలు ఎత్తుకునేది పెరుగుదల శాతాన్ని. 2023-33 అంచనాలో అన్నిటికన్నా వేగంగా పెరిగేది గాలిమరల టెక్నీషియన్ల వృత్తి: 60 శాతం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ 2023లో ఆ గడిలో ఉన్నది 11,400 మంది. పదేళ్లలో కొత్తగా పెరిగే కొలువులు ఏడు వేల లోపే. ఏటా వచ్చే ఖాళీలు సుమారు రెండు వేలు, అమెరికా అంతటికీ కలిపి. రిజిస్టర్డ్ నర్సుల పెరుగుదల చూస్తే 6 శాతమే. అయినా 33 లక్షలమంది ఉన్న గడి కాబట్టి ఏటా ఒక లక్షా తొంభై వేలకు పైగా ఖాళీలొస్తాయి. క్యాషియర్ల సంఖ్య 11 శాతం తగ్గుతుందని రాసిన గైడే ఏటా అయిదు లక్షలకు పైగా క్యాషియర్ ఖాళీలుంటాయనీ రాసింది.

తగ్గే వృత్తిలో అన్ని ఖాళీలెలా వస్తాయి? రిటైరయ్యేవాళ్లుంటారు, ఆ పని విడిచి వేరే వృత్తికి పోయేవాళ్లుంటారు. కొత్త కుర్చీలకన్నా ఖాళీ అయిన కుర్చీలే ఎక్కువ. అలాగని ఖాళీలు ఎక్కువున్న చోటల్లా మేలనుకోవడం కూడా పొరపాటే. క్యాషియర్ పని నుంచి జనం వెళ్లిపోతున్నారంటే జీతం చాలకపోవడం అందుకొక కారణం. ఒక్క శాతం చూసి కాకుండా ఎంతమంది ఉన్నారు, ఏటా ఎన్ని ఖాళీలు, మధ్యస్థ జీతమెంత అని మూడింటినీ పక్కపక్కన పెట్టుకుంటేనే ఆ వృత్తి రూపం కడుతుంది.

ఇందులో ఇంకో తిరకాసు: అందరూ అదే పట్టిక చూస్తారు. గుంటూరు యార్డులో ఒక ఏడాది మిర్చి ధర మండితే మరుసటి ఏడాది అందరూ మిర్చే వేస్తారు, పంట చేతికొచ్చేసరికి ధర పడిపోతుంది. పంటల ధరల్లో ఈ ఊగిసలాటను అర్థశాస్త్రవేత్తలు 1930ల్లోనే సూత్రీకరించారు. హార్వర్డ్ ఆచార్యుడు రిచర్డ్ ఫ్రీమన్ 1976లో అదే సూత్రాన్ని అమెరికా ఇంజినీర్లకు వర్తింపజేసి చూపించారు. ఈ ఏటి జీతం చూసి చేరిన విద్యార్థి బయటికొచ్చేది నాలుగేళ్లకు. అప్పటికి తనలాంటివాళ్లు వేలల్లో ఉంటారు, మొదటి జీతం తగ్గుతుంది, అది చూసి తర్వాతి పిల్లలు చేరడం మానేస్తారు. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ చూసినవాళ్లకు ఇది పరిచయమైన కథే. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకున్న కాలేజీలెన్నో. మంచి పనితీరున్న కాలేజీలకు సీట్ల గరిష్ఠ పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ ఎత్తేసింది కూడా. ఏ సాధనమైనా నేటి గిరాకీని చూపగలదు. నీతోపాటు ఎంతమంది అటే పరుగెడుతున్నారో చూపే పట్టిక సీట్ల కేటాయింపు జాబితాలో ఉంటుంది. దాన్ని కూడా చదవాలి.

ఆన్‌లైన్ ప్రకటనలను ఏరి తయారుచేసే సూచీల గురించి కొంచెం. ఆలోచన పాతదే: కాన్ఫరెన్స్ బోర్డు అనే అమెరికా సంస్థ 1951 నుంచి దినపత్రికల్లో 'కావలెను' ప్రకటనలు లెక్కపెట్టేది. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్లు చేస్తున్నాయి. వేగం వీటి బలం. సర్వే నెలల తర్వాత చెప్పేది ఇవి వారంలో చెబుతాయి. కానీ ఒకే ఖాళీని నాలుగు కన్సల్టెన్సీలు ప్రకటిస్తే నాలుగుగా లెక్కకెక్కే ప్రమాదం ఉంది. నిండిపోయిన ఖాళీ నెలల తరబడి వేలాడుతూ ఉంటుంది. తెల్లారుజామున అడ్డా మీద కుదిరే తాపీపని ఏ సైటులోనూ కనపడదు. ఖాళీల కోసం బీఎల్ఎస్ విడిగా జరిపే సర్వేలో ఖాళీగా లెక్కకు రావాలంటే ఆ పని ఉండాలి, 30 రోజుల్లో మొదలుపెట్టగలిగి ఉండాలి, బయటి మనుషుల కోసం నిజంగా వెతుకుతూ ఉండాలి. ప్రకటనకు ఇలాంటి షరతులేవీ లేవు.

మన దగ్గర ఉన్నదేమిటి? 2015 నాటి జాతీయ వృత్తుల వర్గీకరణలో ఎనిమిది అంకెల కోడ్లతో సుమారు 3,600 వృత్తులున్నాయి. అదే ఏడాది జులైలో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ మొదలైంది. 2017 నుంచి పీఎల్ఎఫ్ఎస్ అనే శ్రామిక బలగ సర్వే సాగుతోంది. అందులో అంకె చదివేముందు ఏ కొలమానమో చూసుకోవాలి. 2023 జులై నుంచి 2024 జూన్ వరకు, 15 ఏళ్లు దాటినవాళ్లలో నిరుద్యోగం ఏడాది మొత్తం స్థితిని బట్టి చూస్తే 3.2 శాతం, గడిచిన వారం స్థితిని బట్టి చూస్తే 4.9. 15-29 ఏళ్ల వయసువాళ్లను విడిగా తీస్తే మొదటి కొలమానంలోనే 10.2. వారం లెక్కలో ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. ఇంటి కిరాణా కొట్లో జీతం లేకుండా కూర్చునే కొడుకు కూడా ఉద్యోగే. పనిచేసేవాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధి కింద ఉన్న దేశంలో నిరుద్యోగ శాతం తక్కువగా కనిపించడంలో వింత లేదు.

2025 జనవరి నుంచి సర్వే నమూనాను పెంచారు, నెలనెలా అంకెలు ఇస్తున్నారు, నమూనా ఎంపికలో జిల్లాను ప్రాథమిక యూనిట్ చేశారు. వ్యక్తుల పేర్లు తీసేసిన ముడి సమాచారం ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. కొరత ఉన్నది దానికీ మామూలు మనిషికీ మధ్య వారధి దగ్గర: 'వెల్డరు, విశాఖ' అని టైపు చేస్తే మధ్యస్థ జీతం, ఖాళీలు, కావలసిన శిక్షణ ఒకే పేజీలో చూపే గైడు మనకింకా లేదు. అది వచ్చేలోగా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. ఈఏపీసెట్, పాలిసెట్ కౌన్సెలింగ్ పుస్తకాల్లో కాలేజీ కోడు, బ్రాంచి కోడు ఎలాగూ వేస్తున్నారు. ఆ బ్రాంచిలో చదివినవాళ్లు ఎక్కువగా చేరే వృత్తుల కోడ్లు, మూడేళ్ల కిందట బయటికొచ్చినవాళ్ల మధ్యస్థ జీతం కూడా పక్క గడిలో అచ్చువేయవచ్చు. ఆ వివరాలు రాబట్టాల్సింది కాలేజీలు. అడగాల్సింది ఫీజు కట్టేవాళ్లు.