డైవ్ ప్రణాళిక: గాలి లెక్క, తిరుగు ప్రయాణం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల విద్యార్థులకు సముద్రం దూరం. బావిలోనో పెన్నాలోనో ఈత నేర్చిన మీరు విశాఖపట్నంలో రుషికొండ వద్ద సముద్రం అడుగున ఉన్న రాతి దిబ్బలను చూడాలనుకుంటే ఈత ఒక్కటే చాలదు, లెక్క కూడా కావాలి.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఒడ్డున నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే వ్యక్తికి 10 మీటర్ల లోతులో 40 లీటర్లు, 20 మీటర్ల లోతులో 60 లీటర్లు కావాలి. 12 లీటర్ల సిలిండరును 200 బార్ల వరకు నింపితే 2,400 లీటర్ల గాలి ఉంటుంది. అందులో 50 బార్లు, అనగా 600 లీటర్లు, అత్యవసరానికి విడిచిపెట్టండి. మిగిలిన 1,800 లీటర్లు 10 మీటర్ల వద్ద 45 నిమిషాలకు, 20 మీటర్ల వద్ద 30 నిమిషాలకే సరిపోతాయి. పైకి వచ్చే సమయం కూడా ఇందులోనిదే. భయం, చలి, ఎదురు ప్రవాహం ఉంటే గాలి ఇంకా త్వరగా అయిపోతుంది. జతగా దిగినవారిలో ఎవరి గాలి ముందు తగ్గితే వారి లెక్కే ఇద్దరికీ వర్తిస్తుంది.

పైకి నిమిషానికి 9 మీటర్లకు మించకుండా రండి. 5 మీటర్ల వద్ద 3 నిమిషాలు ఆగండి. ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదు. పీడనం వల్ల శరీరంలో కరిగిన నత్రజని, గోలీసోడా కొట్టినప్పుడు పొంగే గ్యాసు వలె, పీడనం హఠాత్తుగా తగ్గితే బుడగలుగా మారుతుంది.

చాలామంది మరచేది ఒడ్డుకు చేరిన తరువాతి సంగతి. విశాఖ వెళ్లినవారు అరకు చూడకుండా వస్తారా? అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనం తక్కువ. ఒక డైవ్ తరువాత కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్న నియమాన్ని ఘాట్ రోడ్డుకూ పాటించడం మేలు. అరకు ముందే చూసి, డైవ్ చివరికి ఉంచుకుని, రైలులో కడపకు తిరిగి రండి.

అభ్యాసం: పై సిలిండరుతో, అదే నిల్వ ఉంచుకుని, 15 మీటర్ల లోతులో ఎన్ని నిమిషాలు ఉండవచ్చు?